నీలి దారం

ఆ ఆగస్టులో మనామా గోడలు కూడా చెమటలు కక్కాయి.
బజారు వెనక సందులో కుంజాలి లాండ్రీ,
ఎర్ర నియాన్ బోర్డులో సగం అక్షరాలే వెలిగేవి.
నాది ఇస్త్రీ బల్ల.

గురువారం గురువారం సలీబా వచ్చేవాడు,
టోపీ నీడ ముక్కు దాకా.
ఒకటే తెల్ల చొక్కా. రసీదు అడిగేవాడు కాదు.
శనివారం దాన్ని పట్టుకుపోయేది మేడమ్ నదీన్:
ముందు అత్తరు, వెనక మడమల చప్పుడు,
ఆ తర్వాతే మనిషి.
మగాడి చొక్కా ఆవిడకెందుకని నేనడగలేదు.
అడిగేవాడికి వీసా నిలవదు.

వారానికో గుండీ ఊడి ఉండేది.
ఓసారి రెండోది, ఓసారి అయిదోది.
పాపం, చూసే దిక్కు లేదనుకున్నా.
ఓ రాత్రి కరెంటు పోతే
టార్చి నోట కరుచుకుని
డబ్బాలోంచి గుండీ ఏరి కుట్టేశా.
కూలి కూడా రాసుకోలేదు.

శనివారం నదీన్ గుండీలు లెక్కపెట్టింది.
మళ్లీ లెక్కపెట్టింది.
లిప్‌స్టిక్ కింద పెదాలు పాలిపోవడం
నేను చూశాను.

సోమవారం ముహర్రక్ వంతెన కింద
సలీబా తేలాడు.
నదీన్ హోటల్ గదిలో
చొక్కా ఒక్కటే దొరికింది.

తెచ్చి నా ముందు పరిచారు.
నాలుగో గుండీ చుట్టూ పెన్సిలు గీత.
"ఇదొక్కటే నీలి దారం. ఎవరికి సంకేతం?"

మూడు రాత్రులు అదే ప్రశ్న.
ఫ్యాను రెక్కల నీడ నా మొహాన్ని
కోస్తూనే ఉంది.

తెల్ల దారం అయిపోయింది సార్, అన్నా.

రాసుకుంటున్నతను కలం ఆపి
మెచ్చుకోలుగా చూశాడు:
"ఎవరు నేర్పారు నీకు
ఇంత మంచి అబద్ధం?"