వెనక గేరు

ఆర్సీ పుస్తకానికి అట్ట ఎప్పుడో ఊడిపోయింది.
లోపలి కాగితం ఉంది,
మడత చిరిగిన చోట లేసు దారంతో కుట్టాను.
యజమాని: పులిదిండి కరుణావతి, నర్సాపురం.
వరుస సంఖ్య: ఒకటి.
కింద గడి ఖాళీ.
ముప్పై తొమ్మిదేళ్లుగా ఖాళీ.

బుక్ చేశాక రెండేళ్లు ఆగమన్నారు.
ఆ రెండేళ్లూ అమ్మ కొక్కెపు సూది ఆగలేదు.
టేబుల్ గుడ్డలు, టీపాయి గుండ్రాలు,
ఏ దేశంలో ఎవరి బల్లల మీద పరిచారో మాకు తెలీదు.
ఒక్కో చక్రం అల్లి ఒక్కో చక్రం కొన్నామనేది.
ఐదోది స్టెప్నీ,
అది నా వాటా.

రాజమండ్రి నుంచి బండి తెచ్చిన డ్రైవరు
తాళాలు అయ్యగారికి ఇద్దామని
వీధరుగు దాకా తొంగి చూశాడు.
అయ్యగారెవరూ లేరు. నేనున్నాను,
పది రోజుల వయసు లైసెన్సుతో.

అమ్మ ముందు సీట్లో ఎన్నడూ కూచోలేదు.
మూటలు జారతాయని వెనకే,
ఒక చెయ్యి లేసు మీద, ఒక చెయ్యి తలుపు మీద.
నేను బ్రేకు వేస్తే ఆవిడ కాలూ
వెనక నేల మీద బ్రేకు వేసేది.

ఎనభై ఆరు వరదలో రాజోలులో చిక్కుకుంది.
సీట్ల దాకా నీళ్లు. తీశాక
డిక్కీలో బతికున్న కొర్రమీను.
మెకానిక్ మీరాసాహెబు
ముందు చేపని ఇంటికి పంపించాడు,
తర్వాత ఇంజను విప్పాడు.

తొంభై ఆరు తుఫాను రాత్రి
పక్కింటి రేకు వచ్చి పడింది.
కప్పు సొట్ట పోయింది, మీటరు ఆగిపోయింది,
తొంభై ఒక్క వేల మూడొందల ఆరు దగ్గర.
బాగుచేస్తానన్నాడు. వద్దన్నాను.
లెక్కపెట్టే వాళ్లు లేకుండా తిరిగితే
ఎలా ఉంటుందో చూద్దామనిపించింది.
బానే ఉంది.

ఉప్పుగాలి అడుగు నుంచి తింటుంది,
చుట్టపుచూపుగా వచ్చి ఉండిపోయినవాడిలా,
రోజూ కొంచెం, అడక్కుండా.
కాళ్ల కింద రేకు పోతే
నూనె డబ్బా కోసి అతికించాడు మీరాసాహెబు.
ఆ డబ్బా మీది కొబ్బరిచెట్టు
ఇప్పుడు నా ఎడమ పాదం కింద.
క్లచ్ వదిలినప్పుడల్లా మడమ దాని మట్టల్లో ఆనుతుంది.

మొన్న భీమవరం నుంచి ఒక కుర్రాడు వచ్చాడు.
పాత బళ్లకి పూలు కట్టి
పెళ్లిళ్లకి అద్దెకిస్తాడట.
చెప్పిన ధర నేను కొన్నదానికి మూడింతలు.
వెనక తలుపు తీసి, తల లోపల పెట్టి,
"గంజి వాసనేంటండీ?" అన్నాడు.
తర్వాత ఇంకా ఏదో అన్నాడు,
టైర్ల గురించనుకుంటా.

నాకు ఆ వాసన తెలీడం మానేసి
ఎన్నేళ్లయిందో.
అతను వెళ్లాక వెనక సీట్లో కూచుని
చాలాసేపు ముక్కు ఎగబీల్చాను.
పెట్రోలు తప్ప ఏమీ రాలేదు.

మీరాసాహెబు లేడు. కొడుకు కరీముల్లా చూస్తున్నాడు.
"మొదటి గేరుకి పంటు పలక ఎక్కదండి ఇంక.
వెనక గేరుకే బలం ఎక్కువ."
అందుకని రేవులో బండి తిప్పుకుని,
మెడ వెనక్కి తిప్పి,
పంటు కుర్రాడు రానీ రానీ అని రేకు మీద చరుస్తుంటే
ఎక్కుతాను.

మిగతా బళ్లన్నీ సఖినేటిపల్లి కేసి చూస్తుంటాయి.
మాది ఒక్కటే నర్సాపురం కేసి.
వశిష్ఠ మీద మెల్లగా
టీ కొట్టు చిన్నదవుతుంది, రేవు మెట్లు చిన్నవవుతాయి,
టిక్కెట్లు చించేవాడు చెయ్యెత్తితే
నాకేనేమో అనుకుని హారన్ కొడతాను.

దిగడం కూడా వెనక్కే.
గట్టెక్కేదాకా వెనక్కే.
పైన తిప్పుకుని మొదటి గేరు వేస్తే
కాస్త గొణుక్కుని కదులుతుంది.
అంతర్వేదిపాలెంలో ముగ్గురున్నారు ఇంకా,
కళ్లజోళ్ల మీద కళ్లజోళ్లతో అల్లేవాళ్లు.
మూట ముందు సీట్లో పెట్టబోతారు ప్రతిసారీ.
వెనక, అంటాను.
వెనక పెట్టండి.