అక్షరానికి వీపు

త్బిలిసీలో పాత పట్టుమిల్లు మూడో అంతస్తు,
మా డిజైన్ తరగతి.
మొదటిరోజు కంప్యూటర్లన్నీ మూయించి
తలా ఒక అట్ట, ఒక కత్తి, ఒక అక్షరం ఇచ్చాను.
నిలబెట్టండి అన్నాను. అంతే.

వఖూష్తి నవ్వాడు:
"కింద మెషీనుంది కదా, లమారా టీచర్,
ఇరవై నిమిషాల్లో దించేస్తుంది."
దించుతుంది నాయనా, ఎవరు కాదన్నారు!
ముందు నీ అక్షరం వీపు గీసి చూపించు.
పెన్సిలు గాల్లోనే ఆగింది.
ఊహ తెలిసినప్పట్నుంచీ రాస్తున్నాడు,
ఒక్కసారీ దాని వెనక్కి వెళ్లలేదు.

మా లిపిలో నిటారు గీతలు తక్కువ, అన్నీ ఒంపులే.
అట్ట వంగాలంటే బయటివైపు
సగం లోతుకి గాట్లు పెట్టాలి,
గోధుమగింజంత ఎడంలో, వరసగా.
మించితే తెగుతుంది.
తగ్గితే మాట వినదు.
ఆ సగం ఎక్కడుందో నేను చెప్పలేను,
కత్తి కింద చప్పుడు మారుతుంది, వినమంటాను.

తెక్లేకి 'ప' వచ్చింది.
మూడుసార్లు నిలబెట్టింది, మూడుసార్లూ బోర్లా పడింది.
మా 'ప'కి తలే బరువు.

నా పంతొమ్మిదో ఏట, కరెంటు లేని చలికాలంలో,
మా వీధి రొట్టెల కొట్టు మీద
నాన్న రేకు కత్తిరించి చేసిన బోర్డుండేది.
పురి.
మా భాషలో రొట్టె అని.
మా అచ్చులు హల్లుల భుజాలెక్కవు,
పక్కనే తమ కాళ్లమీద నిలబడతాయి,
అందుకని నాలుగక్షరాలు.
ఒక రాత్రి గాలికి మొదటిది ఊడింది.
తెల్లారి క్యూ అలాగే ఉంది,
తలెత్తి చూసినవాళ్లు లేరు.
మంచులోంచి తీసి తిరగేశాను:
తుప్పు, వంగిన మేకులు,
నాన్న పెన్సిలు రాత.
కూలి నలభై రొట్టెలు.
ముట్టినవి పదకొండు.

ఇదంతా పిల్లలకి చెప్పలేదు.
చెబితే అట్ట వదిలేసి నన్ను చూస్తారు.

నాలుగోసారి తెక్లే
అక్షరం వెనక చిన్న ముక్క అంటించింది,
ముందునుంచి కనబడకుండా.
నిలబడింది.
"ఇది మోసమా టీచర్?"
వంగి చూశాను.
ఆరని జిగురు మీద ఆమె బొటనవేలి ముద్ర.
"అక్కడ ఏదైనా రాసిపెట్టుకో" అన్నాను.
ఏం రాయాలని ఆమె అడగలేదు,
చెయ్యి అడ్డం పెట్టుకుని రాసింది.

కిటికీ దగ్గర వఖూష్తి
ఒక చెవి బల్లకి ఆనించి
మెల్లగా కోస్తున్నాడు.