ఆపమని రాయని చీటీ

మార్గశిరం. నూర్పుల రోజులు.
టెక్కలి కంటాసుపత్రి బల్ల మీద
ఒక కన్నే తెరిచి కూర్చుంది దాలమ్మ.
"ఊక పడ్డాదమ్మా. నాలుగు దినాలయింది."
కొంగు ముడి విప్పి
బొటనవేలంత సీసా చేతిలో పెట్టింది.
మందుల షాపులో ఇచ్చారట, పాలలాంటి చుక్కలు.
"ఎరుపు ఇట్టే లాగేసినాది.
మరి సూపేటిలాగ మసకైపోతంది?"

మొరిగే కుక్క మూతి కట్టేస్తే
దొంగ వెళ్ళిపోతాడా, దాలమ్మా?

పసుపు కాగితం కొన రెప్ప లోపల తాకించి
నీలం దీపం వేశాను.
నల్లగుడ్డు మీద పచ్చగా వెలిగింది పుండు,
అంచులు ఈక చీలినట్టు,
పక్కనే ఆవగింజలంత రెండు మచ్చలు.
గీకి తీసి మైక్రోస్కోపు కింద పెడితే
కొమ్మలు కొమ్మలుగా బూజు.
పొలంలోది, కంట్లో కాపురం పెట్టింది.

బయట వరసలో అందరివీ ఎర్ర కళ్ళే.
పుసి కట్టిన రెప్పలతో బడిపిల్ల,
కంటి మీదికి కండ పాకిన భావనపాడు జాలరి.
గోడకి తల ఆనించి వాంతి చేసుకుంటున్న ముసలమ్మని మాత్రం
వరస దాటించి లోపలికి తెచ్చాను.
ఆమె కన్ను వేలికి రాయిలా తగిలింది.
రంగు ఒకటే. రోగం ఒకటి కాదు.

పలాస కూర్మారావుకి తొమ్మిదేళ్ళప్పుడు
ఎండాకాలం కళ్ళు దురద.
ఈ జాతి చుక్కలే రాశాను నేను.
పేరు రాశాను, రోజుకి నాలుగుసార్లన్నాను.
ఎన్నాళ్ళో రాయలేదు.
మళ్ళీ రమ్మని రాయలేదు.
రెండ్రోజుల్లో దురద పోయింది,
జీడిపప్పు వలిచే వాళ్ళమ్మకి నేను దేవతనయ్యాను.

పదిహేడేళ్ళప్పుడు వచ్చాడు,
గుమ్మానికి భుజం కొట్టుకుంటూ.
ఎదురుగా ఉన్న అక్షరాలన్నీ చదివాడు.
పక్కన నిలబడ్డ తల్లి కనబడలేదు.
ఆవిడ సంచిలోంచి చీటీ తీసింది.
మడతల దగ్గర చిరిగితే టేపు అంటించి,
ఎనిమిది ఎండాకాలాలు దాచిన చీటీ.
"మీ రాతేనమ్మా. ఇదే సూపించి కొన్నాను."

ఆ చీటీ ఇప్పుడు నా సొరుగులో ఉంది.

దాలమ్మకి బూజు మందు ఇచ్చాను.
కుదిపి వెయ్యాలి, మెలకువున్నంతసేపూ గంటకో చుక్క.
మూత తీసి చూసి ఆగింది.
"ఇదీ పాలలాగే ఉన్నాది గదమ్మా?"
నిజమే. రెండూ తెలుపే.
అందుకే పాత సీసా తిరిగివ్వలేదు.
"డబ్బులెట్టి కొన్నాను," అంది.
ఆ డబ్బులు నేనిచ్చాను.

షాపుకి ఫోన్ చేశాను.
పెద్ద అక్షరాలతో తేదీ రాసి, చదివి వినిపించి,
ఆమె చేత తిరిగి చెప్పించాను.
గంటకో సుక్క. సేతులు కడిగి. సుక్కురారం రావాల.
అన్నీ అప్పజెప్పి లేచింది,
గుమ్మంలో వెనక్కి తిరిగింది.
"కోతలున్నాయి. రాకపోతే?"

నేనేం మాట్లాడలేదు.
పుస్తకం తెరిచి ఆమె ఊరి పేరు,
వాళ్ళ మేనల్లుడి ఫోన్ నంబరు రాసుకున్నాను.