నీళ్లు పడిన రాత్రి

గంగరత్నా, సంచి ఇప్పుడే సర్దుకో.
తొమ్మిది నిండేదాకా చూడొద్దు.
పాత నూలుచీరలు నాలుగు, ఉడకేసి ఎండలో ఆరేసినవి,
ఆధారు కార్డు, ఆసుపత్రి పుస్తకం,
ఫ్లాస్కు, మూత గట్టిగా బిగిసేది.
ఆటో ఖాజా నంబరు ఫోన్లో ఉంటే చాలదు,
తలుపు వెనక సున్నం గోడ మీద బొగ్గుతో రాయి.
ఆ రాత్రి మా ఆయనకు
చేతిలో ఉన్న ఫోనే కనపళ్లేదు.

నొప్పి ఎట్లుంటాదని అడిగినావు మొన్న, శెనక్కాయలు ఒలుస్తా.
అమ్మ మాట మార్చింది.
తిప్పక్క పిన్ని, అదంతా దేవుడు చూసుకుంటాడులే అనింది.
నాకూ అట్లే చెప్పినారు.
దేవుడు వచ్చినాడేమో గానీ
ఉరవకొండ ఆసుపత్రిలో
కాన్పు గదిలోకి మగోళ్లను రానీరు.

అందుకే నేను చెప్తా,
నీకు తెలిసిన దాంతోనే చెప్తా.

నాయన ఐదో బోరు వేయించిన రాత్రి గుర్తుందా?
గట్టు మీద మనిద్దరమూ ఒకే దుప్పటి కప్పుకొని,
లారీ దడదడకు కడుపులో పేగులు అదిరి,
నోట్లో తెల్లదుమ్ము.
రాడ్డు దిగేటప్పుడు వేరే లోకం ఉండదు.
దిగినాక మిషను ఆపుతారు.
ఇంకో రాడ్డు తగిలించేదాకా
కీచురాళ్లు వినిపిస్తాయి.
డ్రైవరు బీడీ ముట్టిస్తాడు.
నువ్వు నా భుజమ్మీద నిద్రపోతివి
ఆ రెండు నిమిషాల్లోనే.

నొప్పులు అట్లే వస్తాయి, చెల్లా.
ఎడతెగకుండా రావు. ఇది నాకెవురూ చెప్పలేదు.
ఒక రాడ్డు దిగుతాది,
నడుములో మొదలై తొడల దాకా
దిగుతాది, దిగుతాది,
ఇంక నావల్ల కాదనే చోట
ఆగుతాది.
ఆ సందును పట్టుకో.
ఒక గుక్క నీళ్లు తాగు. దవడ వదులు చెయ్యి.
వచ్చే రాడ్డుకు ఇప్పుడే ఏడవొద్దు.
నేను ఏడిస్తి,
మొదటి సందులన్నీ వట్టిగా పోగొట్టుకుంటి.

వేడి రాగిజావ ఊదినట్టు ఊదమనింది సలోమి సిస్టరు,
మెల్లగా, పొడుగ్గా.
ఊదితి. కొన్నిటికి పనిచేసింది.
కొన్నిటికి ఏదీ పనిచేయలేదు, అరిస్తి.
అరిస్తే బలం పోతాదంటారు, సిగ్గులేదా అంటారు.
బోరు లారీకి సిగ్గుందా?
ఊరంతా లేచేటట్టు అరుస్తాది,
పోనీలే, నీళ్ల కోసం కదా అంటారు.

తెల్లారుజామున మూడింటికి
లోపల ఏదో టప్పుమని తెగింది.
వెచ్చగా మంచమంతా తడిసి గచ్చు మీదికి కారింది.
అంత నొప్పిలోనూ నాకు నవ్వొచ్చింది గంగా.
ఐదు బోర్లు, మూడు లక్షల అప్పు,
మన చేన్లో ఏ రాత్రీ పుట్టని మాట
సలోమి నోట్లోంచి వచ్చింది:
"నీళ్లు వచ్చేసినాయి!"
నాయన బయట వరండాలో కూర్చోనుండె.
ఆయనకు వినిపించిందో లేదో.

బోరు పోలిక అంతవరకే.
ఆ తర్వాతది దేనితోనూ పోల్చలేను.
చీలిపోతానేమో అనుకుంటి. చీలితి కూడా, మూడు కుట్లు.
ముక్కమన్నప్పుడు ముక్కితి, వద్దన్నప్పుడూ ముక్కితి,
తిట్లు తింటి.
బిడ్డను రొమ్ము మీద వేస్తానే ప్రేమ పొంగుతాదంటారే,
నాకు చలి పుట్టింది. పండ్లు టకటక కొట్టుకున్నాయి.
ఎవురి బిడ్డనో చూసినట్టు చూస్తి.
ప్రేమ మూడోరోజు వచ్చింది, పాలతో పాటు.
నీకు ఇంకా ఆలస్యమైనా భయపడొద్దు.

ఇంకొకటి. గాజులు ఇంట్లోనే తీసిపెట్టు.
పక్క మంచంలో ఒకామె, విడపనకల్లు పక్కనుంచి వచ్చింది,
తన సందుల్లో చెయ్యి చాపి నా చెయ్యి పట్టుకునింది.
నా సందుల్లో ఆమెది నేను పట్టుకుంటి.
ఒకసారి ఇద్దరికీ ఒకేసారి వచ్చింది.
నా మట్టిగాజు పగిలి
ఆమె అరచేతిలో దిగింది.
చెయ్యి మాత్రం తీయలేదు.

పేరు అడగలేదు నేను.
పొద్దున చూస్తే మంచానికి దుప్పటి మార్చేసినారు.
అనంతపురం పెద్దాసుపత్రికి పంపినారంట, అంతే తెలిసింది.

వారం వారం సంతలో
టమోటాలు ఏరే ఆడోళ్లను చూస్తానే ఉంటా,
మొగాలు కాదు,
అరచేతులు.