పొయ్యిల లెక్క

మొదటి గడి: ఇంట్లో బొగ్గు పొయ్యిలెన్ని?
రెండోది: ఏ ఏడు కొన్నవి?
మూడో గడిలో, మార్చుకుంటారా?
అవును, కాదు.
మధ్యలో ఊపిరి పీల్చుకునేంత చోటు కూడా లేదు.

ఫారం నెత్తిన నీలం ముద్ర,
మున్సిపాలిటీ వాతావరణ కార్యాచరణ ప్రణాళిక.
నా పేరు ఒతీలియా. పర్యావరణ విభాగంలో గుమాస్తాని.
విభాగమంటే నేను,
ఇంకా ఒక ఖాళీ కుర్చీ.

సైలీషియాలో మా ఊరు
నాలుగింటికే దీపాలు పెట్టుకుంటుంది.
ఐదింటికి పొగ దిగుతుంది
మోకాళ్ళ నొప్పుల ముసలమ్మలా
అంతస్తు అంతస్తుకీ ఆగుతూ.
తెల్లగా తీగెక్కిన దుప్పటి
బూడిద రంగులో ఇంటికొస్తుంది.
బడిలో ఏడో ఎక్కం మధ్యలో
ఎప్పుడూ ఎవరిదో ఒక దగ్గు.

వీధులన్నీ తిరిగాను.
కొందరు తలుపు తీయలేదు.
కొందరు టీ ఇచ్చి మరీ అబద్ధమాడారు,
"పొయ్యా? అది అలంకారానికండీ!"
అలంకారం కణకణలాడుతూ నా మోకాళ్ళు కాచింది.
రాసుకున్నాను: ఒకటి.

హుట్నిచా వీధి, పదిహేడో నంబరు.
అలోయ్జ్ కుబిత్సా. గనిలో ముప్పై ఒక్కేళ్ళు.
గని మూతపడ్డా ఆయన దగ్గు మాత్రం
తెల్లవారుజామున ఇంకా షిఫ్టుకెళ్తోంది.
పొయ్యి మీద సెయింట్ బార్బరా పటం,
ఆమె ముఖం అసలు రంగేదో
ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు.

పాలతో కడిగినా బొగ్గు తెల్లబడదంటారు.
ఆయన అరచేతుల గీతలు
ముప్పై ఏళ్ళు సబ్బుతో కడిగినవి.
"మార్చుకుంటారా?" అన్నాను, ఆ చేతుల వంక చూడకుండా.

"ఇది పీకేస్తే వేడెక్కణ్ణించి తెస్తావు?"
నలభై ఆరో పేజీ తీసి చదివాను.
కప్పుల మీద సోలార్ పలకలు, హీట్ పంపులు,
"తగిన వనరులను అన్వేషించుట."

నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గు మళ్ళీ నవ్వయింది.
"ఐదో లెవెల్‌కి ఎప్పుడన్నా దిగావా పిల్లా?
అక్కడ ఊట నీళ్ళు వెచ్చగా ఉండేవి.
అన్నాలవేళ బూట్లిప్పి కాళ్ళు పెట్టుకునేవాళ్ళం.
ఒళ్ళంతా మసి,
పాదాలు మాత్రం పెళ్ళికొడుకువి.
పంపులు ఆపేశాక గనంతా నిండింది.
మీ పుస్తకంలో లేదా ఆ చెరువు?"

ఫారం తిరగేసి పెన్సిల్ అడిగాడు.
బావులు, సొరంగాలు, నీళ్ళు దూరే చోటు,
లోతులు మీటర్లలో.
చెయ్యి వణికింది కానీ గీత తప్పలేదు.

జనవరి సభ. పదమూడుగురు సభ్యులు.
కటోవిత్సె నుంచి వచ్చిన సలహాదారు స్లైడుల్లో
మా ఊరి కింద ఏమీ లేదు.
నేను ఫారం వెనకవైపు తెర మీద వేశాను.
"ఇది దస్తావేజేనా?" అన్నాడు మేయరు.
బేకరీ హిల్దెగార్దా లేచింది.
"మా నాన్న కూడా అన్నం బల్ల మీద
చెంచాతో ఇవే గీతలు గీసేవాడు" అని కూర్చుంది.

ఏడుకి ఆరు. నెగ్గింది.
వేడి కాదు.
వేడుందో లేదో చూసే రంధ్రం కూడా కాదు.
ఆ రంధ్రానికి డబ్బడుగుతూ రాసే ఉత్తరం.

మళ్ళీ నవంబరు. మళ్ళీ ఫారాలు.
ఈ ఏడు నాలుగో గడి కొత్తగా వచ్చింది: "వ్యాఖ్యలు."
(ఆ గడి కోసం మూడు సమావేశాలు పోట్లాడాను.)

"తవ్వారా?" తలుపు తీస్తూనే అడిగాడు.
"టెండర్లో ఉంది."
"మేమైతే ఈపాటికి మూడొందల మీటర్లు దిగేవాళ్ళం."
పారతో బొగ్గు వేశాడు.
మంచుకి తడిసిన నా బూట్లు చూసి
"విప్పు, కాచుకో" అన్నాడు.

విప్పాను.
ఆయన వ్యాఖ్యలు ఆయన మాటల్లోనే
నాలుగో గడి దాటి అంచు దాకా రాశాను.
మొదటి గడిలో: ఒకటి.
పెన్సిల్‌తో.