ఆటు వేళ

మా బారా దీవిలో విమానాల వేళలు
సముద్రం చెబుతుంది.
ఆటు వచ్చి నీళ్లు వెనక్కి తీశాక
గుల్లలేరే ఆడవాళ్లు బకెట్లు పక్కకి జరిపితే
అదే రన్‌వే.

యాభైనాలుగు, మార్చి.
నాకు తొమ్మిదేళ్లు.
నాయనమ్మకి మూడు రోజులుగా
గోరువెచ్చని నీళ్లు కూడా కడుపులో ఇమడ్డం లేదు.
నర్సు మక్‌ఫెయిల్ గ్లాస్గోకి ఫోన్ చేసింది.
నాన్న వేటలో, అమ్మ చంటాడితో.
నాయనమ్మకి గేలిక్ తప్ప ఇంకో ముక్క రాదు,
అక్కడి డాక్టర్లకి ఆ ముక్క రాదు.
బళ్లో ఇంగ్లీషు తప్పుల్లేకుండా అప్పజెప్పే పిల్ల
ఇంట్లో నేనొక్కదాన్నే.
అలా ఎక్కాను విమానం, దుబాసీగా.

కర్రకి గుడ్డ బిగించి రంగు పూసిన విమానం.
రెక్క మీద రెక్క.
వేలితో నొక్కితే కాస్త లోపలికి పోయింది.
పాడుచేశానేమోనని
గబుక్కున చెయ్యి జేబులో దాచుకున్నాను.

ఇంజన్లు మోగాయి. నా పళ్లు కూడా మోగాయి.
చక్రాల కింద గుల్లలు పటపటలాడి, పటపటలాడి
ఆగిపోయాయి.
ఎగరడమంటే నాకు తెలిసింది అదే:
పైకి లేవడం కాదు,
కింద చప్పుడు ఆగిపోవడం.

రోజూ ఏడుస్తూ నడిచే నాలుగు మైళ్ల బడిదారి
నా బొటనవేలి కింద దాగిపోయింది.
మా పెరట్లో ఆరేసిన దుప్పటి తెల్లగా, బియ్యపుగింజంత.
పక్కన కదిలే చుక్క
అమ్మో, మా ఆవో
ఇప్పటికీ తేల్చుకోలేను.

"నన్ను లేపి కూర్చోబెట్టు" అంది నాయనమ్మ.
కదలకూడదంది నర్సు.
"సరేనంటోంది" అని చెప్పి
తల కింద చెయ్యి పెట్టి ఎత్తాను.
చాలాసేపు చూసింది కిందికి.
పొయ్యి మీద పాలు పొంగకుండా చూసినట్టు.

"అడుగు వాణ్ని" అంది,
"ఇక్కణ్ణుంచి సముద్రం అడుగు కనిపిస్తుందేమో."

మా తాత రూరీ, ఆయన పడవ ఫూలక్.
ఆ పేరుకి కడలిపిట్ట అని అర్థం.
నాన్న పాకే వయసులో వెళ్లింది.
ఒక తెడ్డు వెనక్కొచ్చింది.

పైలట్ దగ్గరికి వెళ్లి నోరు తెరిచాను.
ఆయన చెవులు చలికి ఎర్రగా ఉన్నాయి.
గేజీల వంక చూస్తూ ఏదో లెక్కపెట్టుకుంటున్నాడు.
ఆ ప్రశ్న ఇంగ్లీషులో పిచ్చిదిలా వినిపిస్తుందని
సిగ్గేసింది.
"ఇంకెంతసేపండీ?"
"నలభై నిమిషాలు."

నాయనమ్మ చెవిలో అరిచి చెప్పాను:
ఈ వేళ మబ్బు అడ్డొచ్చిందట,
ఎండ తేటగా కాసే రోజున కనిపిస్తుందట,
పడవలు కూడా, తెరచాపలతో సహా,
ఆయన చాలాసార్లు చూశాడట.

కళ్లు మూసుకుంది.
నేను నర్సు బూట్ల మీద కక్కాను.

ఆరు వారాలకి కడుపు మీద కుట్లతో
ఆవిరి ఓడలో తిరిగొచ్చింది.
రేవులో నా చెవి మెలిపెట్టి,
"వాడు రెండు మాటలన్నాడు. నువ్వు ఇరవై చెప్పావు.
ఇంగ్లీషు అంత పొదుపైన భాషా?"
ఆ తర్వాత చెవి వదిలి, అక్కడే కాసేపు నిమిరింది.
మళ్లీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు.

తర్వాత చాలా విమానాలెక్కాను.
ఎక్కీ ఎక్కగానే నిద్రపోతాను.
మా దీవి దగ్గరపడే వేళ మాత్రం,
ఎండ ఉంటే,
నుదురు అద్దానికి ఆనించి చూస్తాను.
పచ్చటి నీళ్లు, కింద తెల్లటి ఇసుక,
దాని మీద నల్లగా కొన్ని ఆకారాలు.
మబ్బు నీడలే. తెలుసు.
అయినా లెక్కపెడుతూనే ఉంటాను,
చక్రాల కింద గుల్లలు పటపటలాడేదాకా.