కేసులవారు

గూడూరు తాసీల్దారాఫీసులో
పేరు దిద్దించుకుందామని పోతే
గుమస్తా కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి
"కేసులవారా? ఎన్ని కేసులేశాడయ్యా మీ తాత?" అన్నాడు.
నవ్వాను. అలవాటే.

మా ఊళ్లో చెలామణిలో ఉండే కథ అదే:
నిమ్మతోట గట్టు కోసం మా ముత్తాత
ఇరవై ఏళ్లు నెల్లూరు కోర్టు మెట్లెక్కాడని,
గట్టు గెలిచి తోట పోగొట్టుకున్నాడని.
కథ బాగుంటుంది.
అవ్వ మాత్రం వక్క నవుల్తా
"మనకు గట్టేడిది నాయనా, తోటేడిది" అనేది.

అవ్వ పోయినాక అటక మీద దొరికింది
ఇద్దరు దించాల్సిన రాగి కాగు.
పాత మిషన్ బడి ఇశ్రాయేలు సారు
చింతపండేసి అంచు తోమి
కళ్లతో కాదు, వేలితో చదివాడు:
కెస్లర్.

జర్మనీ దొర.
గుడి వెనక తుమ్మచెట్ల కింద
ఆయన బిడ్డది ఒక రాయి ఉంది,
పదకొండు నెలలు అని చెక్కి.
యుద్ధమొచ్చి దొరను పట్టకపోయిన రోజు
పొయ్యి మీద ఈ కాగులో
ఎసరు ఇంకా కాగతానే ఉందంట.
దించింది చెంగడు, వంటోడు, మా ముత్తాత.

జ్ఞానస్నానం పుస్తకంలో
"ఇంటిపేరేంది?" అని రాసేవాడు అడిగితే
చెంగడు వెనక్కి తిరిగి చూశాడంట,
ఇంకెవరినో అడిగారనుకుని.
కెస్లరు దొర వంటోడు చెంగయ్య అని రాశారు.
తర్వాత దొర పోయాడు,
వంట పోయింది,
రేషన్ కార్డులో 'ర్' కూడా రాలిపోయింది.

"ఆ పేరుకు అర్థం తెలుసా?" అన్నాడు సారు.
"కాగులు కొట్టేవాడు. మన కంచరి."

ఆ రాత్రి నిద్ర పట్టలా.
ఎక్కడో మంచు పడే ఊరి చివర
మసిచేతులోడు ఒకడు రేకు కొడతా ఉంటే
పేరడిగే తీరిక లేనోళ్లు
"ఒరే కాగులోడా" అని కేకేశారు.
వాడూ వెనక్కి తిరిగి చూసుంటాడు.

"ఏం రాయమంటావు మరి?"
గుమస్తా కలం విదిలిస్తున్నాడు.
వెనక వరసలో ఎవరో విసుక్కుంటున్నారు.

"ఉన్నట్టే ఉండనీండి సార్,"
అని కాయితం మడిచి జేబులో పెట్టుకున్నా.
కాగుకు అడుగున చిల్లి పడింది.
మాట్లు వేసే మస్తాను సాయిబు
మధ్యాన్నం దాటితే దొరకడు.